ఎన్విరాన్‌మెంటల్‌లో చేరి తర్వాత సీఎస్‌కి మారిపోవచ్చా?

బెంగళూరు వైట్‌ఫీల్డ్ నుంచి ఒక నాన్నగారు అడిగారు. వాళ్ళబ్బాయి ఇక్కడే సీబీఎస్ఈలో ట్వెల్త్ చదువుతున్నాడు, అమెరికాలో ఇంజనీరింగ్‌కి అప్లై చేస్తున్నాడు. "సీఎస్ (కంప్యూటర్ సైన్స్) పెడితే రాదు, ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ పెట్టండి, ఈజీగా సీటొస్తుంది, సెకండ్ ఇయర్‌లో సీఎస్‌కి మార్చేసుకోవచ్చు" అని తెలిసినవాళ్ళెవరో చెప్పారట, నిజమేనా అని. లిస్టులో ఇల్లినాయ్ అర్బానా షాంపేన్, సియాటెల్‌లోని వాషింగ్టన్, పర్డ్యూ, బర్క్‌లీ ఉన్నాయి. అబ్బాయికి కోడింగ్ బానే వచ్చు గానీ అసలు ఇష్టం సర్క్యూట్లు, డ్రోన్లు అంట.

సర్, ఆ సలహాలో మొదటి సగం కొంతవరకూ నిజమే. రెండో సగం నమ్మి డబ్బు కట్టారంటే మాత్రం అబ్బాయి అక్కడ ఇరుక్కుపోతాడు, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

మనకి సీఈటీ (కర్ణాటక స్టేట్ ఎంట్రన్స్, కేసీఈటీ అన్నా ఇదే), కామెడ్‌కే (ఇక్కడి ప్రైవేట్ కాలేజీల ఎంట్రన్స్) కౌన్సెలింగ్ అలవాటు కదా, ర్యాంకు ఉంటుంది, కటాఫ్ ఉంటుంది, ఆర్‌వీ ఇంజనీరింగ్ కాలేజీలో సీఎస్ రాకపోతే అక్కడే సివిల్ వస్తుందా అని చూసుకుంటాం. అమెరికాలో ర్యాంకు లేదు, ఒక మనిషి కూర్చుని మీవాడి ఫైల్ మొత్తం చదువుతారు, చదివి ఈ మేజర్ (మన బ్రాంచ్ లాంటిది) ఎందుకు అడుగుతున్నాడు, దానికి తగ్గట్టు ఏం చేశాడు అని చూస్తారు. నాలుగేళ్ళూ డ్రోన్లు, కోడింగ్ చేసిన పిల్లాడు ఉన్నట్టుండి మురుగునీటి శుద్ధి మీద ఆసక్తి అని రాస్తే ఆ ఫైల్ చదివేవాళ్ళకి అర్థమైపోతుంది సర్, ఏటా వందల ఫైళ్ళు చూసేవాళ్ళు వాళ్ళు.

ఇక మేజర్ ఎంత ప్రభావం చూపిస్తుంది అనేది ఒక్కో యూనివర్సిటీలో ఒక్కోలా ఉంటుంది. ఇల్లినాయ్‌లో మేజర్‌ని బట్టే సీటిస్తారు. 2023లో యూనివర్సిటీ మొత్తం మీద అప్లై చేసినవాళ్ళలో 40 శాతం పైనే తీసుకున్నారు, సీఎస్‌కి మాత్రం 10 శాతం లోపే. ఈ తేడా చూసే జనం దొడ్డిదారి వెతుకుతారు, కానీ యూనివర్సిటీవాళ్ళకి కూడా ఆ సంగతి తెలుసు కదా, అందుకే లోపలికొచ్చాక సీఎస్‌కి మారే దారి దాదాపు మూసేశారు. వాషింగ్టన్‌లో ఇంకా కష్టం, స్టేట్ యూనివర్సిటీ కాబట్టి సీఎస్ సీట్లలో సొంత స్టేట్ పిల్లలకే పెద్దపీట, బయటివాళ్ళకి వచ్చేది చాలా చాలా తక్కువ, పైగా మొదట సీఎస్‌లో రాకపోతే తర్వాత వస్తుందని ఆశ పెట్టుకుని రావద్దు అని వాళ్ళే చెప్తారు. బర్క్‌లీ ఇంజనీరింగ్ కాలేజీ కూడా మేజర్ చూసే తీసుకుంటుంది.

పర్డ్యూ వేరే పద్ధతి. అక్కడ ఇంజనీరింగ్ పిల్లలందరూ మొదటి ఏడాది కామన్‌గా ఫస్ట్ ఇయర్ ఇంజనీరింగ్‌లో చదివి, మార్కుల్ని బట్టి తర్వాత బ్రాంచ్‌లోకి వెళ్తారు. టెక్సాస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీలో కూడా ఇంతే, అక్కడ కూడా ఫస్ట్ ఇయర్ మార్కుల్ని బట్టి అడిగిన మేజర్ కోసం పోటీలో నిలబడాలి. అయితే పర్డ్యూలో ఒక మెలిక ఉంది, చాలామంది పేరెంట్స్ ఇక్కడే పొరబడతారు: కంప్యూటర్ సైన్స్ అక్కడ ఇంజనీరింగ్ కాలేజీలో లేదు, సైన్స్ కాలేజీలో ఉంది. ఇంజనీరింగ్‌లో చేరితే దొరికేది కంప్యూటర్ ఇంజనీరింగ్. ఎమ్ఐటీ లాంటి చోట్ల అసలు మేజర్ చూసి సీటివ్వరు, చేరాక ఏదైనా తీసుకోవచ్చు, కాబట్టి అక్కడ ఈ లెక్కలేవీ పనిచేయవు.

ఇంకో మాట, "ఈజీ బ్రాంచ్" అనేది అన్ని చోట్లా ఒకటే అనుకోకండి. బయోమెడికల్‌కి పోటీ ఉండదులే అంటుంటారు మనవాళ్ళు, జాన్స్ హాప్కిన్స్‌లో చూస్తే అదే అన్నిటికంటే గట్టి మేజర్, యూనివర్సిటీలో సీటొచ్చి బయోమెడికల్‌లో రానివాళ్ళు ఉంటారు అక్కడ.

మీవాడి సంగతికొస్తే, నాకు అతను సీఎస్ పిల్లాడిలా అనిపించడం లేదు సర్, ఎలక్ట్రికల్ లేదా కంప్యూటర్ ఇంజనీరింగ్ పిల్లాడిలా అనిపిస్తున్నాడు. సర్క్యూట్లు ఇష్టం, డ్రోన్ చేశాడు, ఫైల్ అంతా అటే చూపిస్తోంది, అప్లికేషన్‌తో పాటు రాసే ఎస్సే కూడా దానంతటదే నిజాయితీగా వచ్చేస్తుంది. ఇవి కూడా పోటీ ఉన్నవే, కాదనను, ముఖ్యంగా కంప్యూటర్ ఇంజనీరింగ్. కానీ సీఎస్ అంత బిగుసుకుపోయి ఉండదు చాలాచోట్ల, పైగా ఒకవేళ మారడం కుదరకపోయినా ఆ నాలుగేళ్ళు ఇష్టంగా చదువుతాడు. సాఫ్ట్‌వేర్ వైపు వెళ్ళాలన్నా ఆ డిగ్రీతో వెళ్ళొచ్చు. ఉద్యోగం గురించి మీ భయం తెలుసు, ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే కొన్నాళ్ళు అక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి) విషయంలో సీఎస్‌కీ మిగతా ఇంజనీరింగ్ బ్రాంచ్‌లకీ తేడా లేదు, ఇప్పుడున్న రూల్స్ ప్రకారం అన్నీ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) కిందకే వస్తాయి, మొదటి 12 నెలలకి ఇంకో 24 నెలల ఎక్స్‌టెన్షన్ అందరికీ అప్లై చేసుకునే వీలుంది.

ఎన్విరాన్‌మెంటల్ తప్పు బ్రాంచ్ అని నేననడం లేదు, బెంగళూరు చెరువులు చూసి అది చదవాలనుకునే పిల్లలు నిజంగానే ఉన్నారు, వాళ్ళకి అది బంగారం లాంటి మేజర్. ఇష్టం లేనివాడు నాలుగేళ్ళు అందులో కూర్చుని, ఏడాదికి అన్ని లక్షలు కడుతూ, రేపు మారతా ఎల్లుండి మారతా అనుకుంటూ ఉండటమే నా బాధ.

ట్వెల్త్ మార్కులు మాత్రం ఈ ఎస్సేల గొడవలో పడి వదిలేయనివ్వకండి. అడ్మిట్ ఇచ్చాక కూడా అమెరికా యూనివర్సిటీలు ఫైనల్ మార్కులు చూస్తాయి, ఇక్కడ కేసీఈటీ ర్యాంకులో సగం వెయిటేజీ ట్వెల్త్ ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ మార్కులదే. మీవాడు మొదటి నుంచీ బెంగళూరులోనే చదివాడన్నారు కాబట్టి కేసీఈటీ ఎలిజిబిలిటీ ఉండే అవకాశం ఎక్కువ, ఆ డాక్యుమెంట్లు ఒకసారి సరిచూసుకోండి, కామెడ్‌కే కూడా రాయించండి.

ఇల్లినాయ్, పర్డ్యూ ఎర్లీ యాక్షన్‌కి (ముందుగా అప్లై చేసి ముందుగా జవాబు తెలుసుకునే పద్ధతి) సాధారణంగా నవంబర్ 1 గడువు. ఈలోపు లిస్టులో ఉన్న ప్రతి యూనివర్సిటీకీ మూడు సంగతులు మీవాడి చేతే వెతికించి ఒక పేపర్ మీద రాయించండి: మేజర్‌ని బట్టి తీసుకుంటారా లేదా, లోపలికెళ్ళాక మారడానికి రూల్ ఏంటి, రెండో ఛాయిస్ మేజర్ అడుగుతారా. ఇల్లినాయ్‌లో రెండో ఛాయిస్ అడుగుతారు, అక్కడ ఏం పెట్టాలో ఆ పేపర్ ముందుంటే అతనికే తెలిసిపోతుంది.