పాయింట్లు మీవి, పద్దు వాళ్లది

పోయిన నెల ఈ శీర్షికలో విమానం, హోటల్ బుకింగ్‌ల మీద వచ్చిన ఓ చిన్న ప్రశ్నకు జవాబు రాశాను. అంతే, మెయిల్ బాక్స్ నిండిపోయింది. తిప్పి తిప్పి అందరూ అడిగింది ఒకటే: మన గురించి వీళ్లకు ఇంత ఎలా తెలుస్తోంది అని. అందుకే ఈసారి మిగతా విషయాలు పక్కన పెట్టి వాటిలోంచే కొన్ని తీసుకున్నాను. ఒకప్పుడు నేను ఓ హోటల్ కంపెనీ రిజర్వేషన్ల విభాగంలో నాలుగేళ్లు పనిచేశాను కాబట్టి ఇందులో కొన్ని సంగతులు కౌంటర్‌కి అటువైపు కూర్చుని చూసినవే.

ప్రశ్న: పొద్దున ఒక విమానం టికెట్ రేటు చూశాను. సాయంత్రం కొందామంటే పెరిగింది. మర్నాటికి ఇంకా పెరిగింది. నేను పదే పదే చూస్తున్నానని కనిపెట్టి పెంచేస్తున్నారని ఆఫీసులో అందరూ అంటున్నారు. బ్రౌజర్‌లో పాత గుర్తులు లేకుండా తెరిచే ఇన్‌కాగ్నిటోలో చూస్తే తగ్గుతుందా?

జవాబు: తగ్గదండీ. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ నమ్మరు, ఎందుకంటే మీకు జరిగింది అందరికీ ఒక్కసారైనా జరిగే ఉంటుంది. చూడ్డానికి సీట్లన్నీ ఒకేలా ఉన్నా అమ్మేవాళ్ల లెక్కలో అవి మెట్లు మెట్లుగా ఉంటాయి. ఒక్కో మెట్టుకు ఒక ఇంగ్లిష్ అక్షరం, ఒక రేటు, ఆ రేటుకు ఇన్ని సీట్లే అని ఒక హద్దు. కింది మెట్టులోవి అయిపోగానే పై మెట్టు రేటు కనిపిస్తుంది. మీరు పొద్దున చూసి వదిలేశాక ఇంకెవరో కొనేసి ఉంటారు, లేదా ప్రయాణం రోజు దగ్గరపడుతోందని కంపెనీయే చౌక మెట్టు మూసేసి ఉంటుంది.

కావాలంటే ఒక పని చేయండి. నలుగురికి కలిపి టికెట్లు వెతికి తలకు ఎంత పడుతోందో చూడండి, తర్వాత అదే ఫ్లైట్‌లో ఒక్కరికే వెతకండి. ఒక్కోసారి ఒక్కరికి తక్కువ చూపిస్తుంది. తక్కువ రేటులో రెండు సీట్లే మిగిలి ఉన్నాయనుకోండి, సాధారణంగా సిస్టమ్ ఇద్దరికి ఇంత, మిగతా ఇద్దరికి అంత అని విడగొట్టదు, నలుగురూ పట్టే పై మెట్టుకు ఎక్కి అందరికీ ఆ రేటే వేసేస్తుంది. అప్పుడు రెండు దఫాలుగా కొంటే డబ్బు మిగులుతుంది. కాకపోతే అందరూ ఒకే బుకింగ్ కోడ్ (పీఎన్ఆర్) కింద ఉండరు, ఫ్లైట్ రద్దయితే ఎవరి తిప్పలు వాళ్లు పడాలి.

అలాగని మిమ్మల్ని ఎవరూ గమనించడం లేదని కాదు. మ్యాక్ కంప్యూటర్లు వాడేవాళ్లు హోటల్ గదికి రాత్రికి 30 శాతం దాకా ఎక్కువ పెడుతున్నారని ఆర్బిట్జ్ అనే ట్రావెల్ సైట్ కనిపెట్టి, వాళ్లకు ఖరీదైన హోటళ్లను పైవరసలో చూపిస్తోందని 2012లో వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. ఒక గదికి మ్యాక్ వాళ్లకూ మిగతావాళ్లకూ ఒకటే రేటు, మారిందల్లా చూపించే వరస. రేటు పెంచడం కన్నా ఇదే గడుసు పని అంటాను నేను. రేటు పెరిగితే కనీసం తిట్టుకుంటాం, నాలుగో పేజీలో పడి ఉన్న చౌక గది సంగతి మనకు తెలియనే తెలియదు కదా! ఇక 2025లో డెల్టా ఎయిర్‌లైన్స్, తన దేశీయ టికెట్లలో 3 శాతానికి ఏఐ సాయంతో రేట్లు పెడుతున్నామనీ, ఏడాది చివరికి దాన్ని 20 శాతానికి తీసుకెళ్తామనీ చెప్పేసరికి ముగ్గురు అమెరికా సెనేటర్లు మనిషిని బట్టి రేటు వేస్తారా ఏమిటని లేఖ రాశారు. వ్యక్తిగత సమాచారాన్ని బట్టి ఎవరికీ విడిగా రేటు వెయ్యడం లేదు, వేసే ఆలోచనా లేదు అని కంపెనీ జవాబిచ్చింది. వెయ్యడం లేదు సరే, కానీ సెనేటర్లు అడగాల్సి వచ్చిందంటే అందుకు కావలసిన సరంజామా మాత్రం తయారుగా ఉన్నట్టే.

ప్రశ్న: మా నాన్నగారికి టికెట్ తీస్తూ వీల్‌చైర్ అడిగాను. అప్పట్నుంచీ నేను ఒక్కదాన్నే వెళ్లినా వీల్‌చైర్ దగ్గర ముందే టిక్ పెట్టి ఉంటోంది. నవ్వొస్తోంది, కొంచెం భయమూ వేస్తోంది. ఇంకేమేం రాసిపెట్టుకున్నారు?

జవాబు: బుకింగ్ సిస్టమ్ మొహాలు చూసి మనుషుల్ని గుర్తుపట్టదమ్మా. దానికి తెలిసింది ఫోన్ నంబరు, మెయిల్, కార్డు చివరి అంకెలు, పాయింట్లు వేసేందుకు ఇచ్చే లాయల్టీ నంబరు. రెండు బుకింగుల్లో వీటిలో ఒకటో రెండో కలిశాయంటే ఇద్దరూ ఒకరేనని కలిపేస్తుంది. నాన్నగారి టికెట్‌కి మీ ఫోనూ మీ మెయిలూ ఇచ్చి ఉంటారు, ఆయన మోకాళ్ల నొప్పులు మీ ఖాతాలోకి వచ్చేశాయి. మీ ప్రొఫైల్‌లో ప్రత్యేక అవసరాలు అన్నచోట అది తీసేయండి. ఇకమీదట ఆయనకు వేరే మెయిల్ ఇవ్వండి.

ఇంకేం రాసుకున్నారంటే, పీఎన్ఆర్ అంటే మనకు టికెట్ మీద కనిపించే ఆరు అక్షరాలే. దాని వెనక ఒక చిట్టా ఉంటుంది. ఎవరెవరు కలిసి వెళ్తున్నారు, ఎవరు డబ్బు కట్టారు, ఎక్కడ కొన్నారు, ఏ సీటు, ఏ భోజనం, ఏ సాయం, ఎవరు ఫోన్ చేసి ఏం అడిగారు, అన్నీ. భోజనం కోడ్‌ను బట్టి మతం ఊహించొచ్చు, వీల్‌చైర్ కోడ్‌ను బట్టి ఆరోగ్యం. ఆ సమాచారం మీరు టికెట్ కొన్న కంపెనీ దగ్గరే ఆగదు. అమాడియస్, సేబర్, ట్రావెల్‌పోర్ట్ అని మనం పేరు కూడా వినని బుకింగ్ నెట్‌వర్క్ కంపెనీలు మూడున్నాయి, ప్రపంచంలో ఏజెంట్లు, సైట్లు తీసే టికెట్లలో ఎక్కువ భాగం వీటి కంప్యూటర్ల మీదుగానే పోతుంది. ప్రభుత్వాలకూ వెళ్తుంది. యూరప్‌లో 2016 నాటి నిబంధన ప్రకారం 5 ఏళ్లు ఉంచుకోవచ్చు, 6 నెలలు దాటాక పేరూ వివరాలూ కనపడకుండా కప్పాలి. కానీ ఏ అనుమానమూ లేని మామూలు ప్రయాణికుల వివరాలు కూడా అన్నేళ్లు ఉంచుకోవడం కుదరదని 2022లో అక్కడి కోర్టు చెప్పింది.

ప్రశ్న: రెండేళ్ల కింద ఒక హోటల్‌లో లిఫ్ట్ చప్పుడికి నిద్ర పట్టలేదని గది మార్పించుకున్నాను. మొన్న అదే కంపెనీకి వేరే దేశంలో ఉన్న హోటల్‌లో దిగితే, అడక్కుండానే లిఫ్ట్‌కి దూరంగా గది ఇచ్చారు. సంతోషించాలా, కంగారుపడాలా?

జవాబు: ఆ రాత్రికి సంతోషించండి. నేను పనిచేసిన చోట ప్రతి అతిథికీ ఒక పేజీ ఉండేది. పైన పేరు, పుట్టినరోజు, పాస్‌పోర్ట్ వివరాలు. దాని కింద ఎన్నిసార్లు వచ్చారు, చివరిసారి ఎప్పుడు, గదికి ఎంత, గది కాక మిగతావాటికి ఎంత. ఆ మూడు ప్రశ్నలే (ఈమధ్య వచ్చారా, ఎన్నిసార్లు వచ్చారు, ఎంత పెట్టారు) ఈ వ్యాపారం మొత్తానికీ ఎక్కాల పుస్తకం. మిగిలిన రంగుల గ్రాఫులన్నీ వాటి మీద వేసిన అలంకారాలే. అన్నిటికన్నా అడుగున చిన్న డబ్బా ఒకటి, అందులో మేం చేత్తో టైప్ చేసేవాళ్లం. "రెండో దిండు కావాలి." "లిఫ్ట్ పక్కన వద్దు." ఒకాయన గురించి మావాడెవడో "బిల్లు దగ్గర పేచీకోరు" అని రాస్తే, మేనేజర్ పిలిచి దాన్ని "బిల్లు నిదానంగా చూసుకుంటారు" అని మార్పించారు. మర్యాద కోసం అనుకున్నాం అప్పుడు. అతిథి తన వివరాలు చూపించమని అడిగితే ఆ డబ్బా కూడా చూపించాల్సి రావచ్చని, అందుకని అలా మార్పించారని తర్వాత తెలిసింది.

కంగారు పడాల్సింది దిండు గురించి కాదు, పాస్‌పోర్ట్ నంబరు గురించి. 2014లోనే స్టార్‌వుడ్ హోటళ్ల సిస్టమ్‌లోకి ఎవరో దొంగదారిన దూరారు. 2016లో మారియట్ ఆ కంపెనీని కొంది, దొంగలతో సహా కొన్నట్టయింది. 2018లో గానీ బయటపడలేదు. 38.3 కోట్ల దాకా రికార్డులు, వాటిలో ఎలాంటి తాళమూ వేయకుండా ఉన్న పాస్‌పోర్ట్ నంబర్లు 52.5 లక్షలు. బ్రిటన్‌లో వేసిన జరిమానా 1.84 కోట్ల పౌండ్లు.

ప్రశ్న: పదేళ్లుగా ఒకే ఎయిర్‌లైన్స్. కిందటేడు కూడా ఎప్పట్లాగే తిరిగాను. అయినా గోల్డ్ నుంచి సిల్వర్‌కి దించేశారు. ఇంత నమ్మకంగా ఉన్నందుకు ఇదా మర్యాద?

జవాబు: నమ్మకం అన్నది మీ మాట సార్, వాళ్ల పద్దులో ఆ మాటకు అర్థం వేరు. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఈ మైళ్ల పథకం మొదలుపెట్టినప్పుడు తరచూ తిరిగేవాళ్లు ఎవరో ఎలా తెలుసుకున్నారో తెలుసా? తమ బుకింగ్ కంప్యూటర్లో మళ్లీ మళ్లీ కనిపిస్తున్న ఫోన్ నంబర్లు వెతికి. అంతకుముందు ప్రతి టికెట్టూ దేనికదే, ఎక్కినవాడు ఎవడో దిగాక తెలియదు. మనతోనే మన నంబరు చెప్పించుకుంటే ఈ వెతుకులాట ఉండదు గదా. పాయింట్లు మనకు ఇచ్చే కొసరు అనుకుంటాం గానీ, అసలు అవి ప్రతిసారీ మన పేరు మనమే చెప్పుకున్నందుకు ఇచ్చే కూలి. విడివిడిగా పడి ఉండే టికెట్లన్నిటినీ ఒక దండగా గుచ్చే దారం ఆ నంబరే. సైట్లు మనల్ని గుర్తుపట్టడానికి బ్రౌజర్‌లో వదిలే కుకీల గురించి ఇంత భయపడే మనం ఆ నంబర్ని మాత్రం అడక్కముందే చెప్తాం.

ఇక దించడం గురించి. మొదట్లో ఎంత దూరం తిరిగితే అన్ని మైళ్లు. 2015లో డెల్టా, యునైటెడ్, మరుసటి ఏడు అమెరికన్, దూరం మానేసి టికెట్‌కి పెట్టిన డబ్బును బట్టి ఇవ్వడం మొదలుపెట్టాయి. గోల్డ్, సిల్వర్ లాంటి స్టేటస్‌కి కూడా ఇక డబ్బే లెక్క అని 2023లో డెల్టా ప్రకటిస్తే జనం ఎంత గోల చేశారంటే, మేం కాస్త ఎక్కువే చేసినట్టున్నాం అని సీఈఓ ఒప్పుకుని కొన్ని సడలించాల్సి వచ్చింది. మీ ఎయిర్‌లైన్స్‌లోనూ ఇలాంటి మార్పే వచ్చి ఉంటుంది, రూల్స్ పేజీ ఒకసారి చూడండి. చౌక టికెట్ చూసుకుని పదిసార్లు ఎక్కిన మీకన్నా, కంపెనీ డబ్బుతో రెండుసార్లు బిజినెస్ క్లాసులో వెళ్లినాయన వాళ్లకు ఎక్కువ. అసలు ఎక్కకుండా వాళ్ల పేరున్న క్రెడిట్ కార్డు గీకేవాడు ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఆ పాయింట్లను బ్యాంకు డబ్బిచ్చి కొంటుంది. 2024లో ఒక్క అమెరికన్ ఎక్స్‌ప్రెస్ అనే కార్డుల కంపెనీ నుంచే డెల్టాకు 740 కోట్ల డాలర్లు వచ్చాయి. కరోనాలో విమానాలు నేల మీద ఉండిపోయినప్పుడు ఏం తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకున్నారనుకున్నారు? ఈ పథకాలనే. యునైటెడ్ 680 కోట్ల డాలర్లు, డెల్టా 900 కోట్లు. తాకట్టు పెట్టిన సొత్తులో మీ పదేళ్ల తిరుగుడు లాంటివే కోట్ల కొద్దీ ఉన్నాయి మరి.

నా సలహా: గోల్డ్ కోసం అక్కర్లేని ప్రయాణం ఒక్కటి కూడా చేయకండి. గోల్డ్ వల్ల మీరు నిజంగా వాడుకునేది ఏమిటో, లాంజో ఇంకో బ్యాగో, దాన్ని విడిగా కొంటే ఎంతవుతుందో కాగితం మీద వేసి చూడండి.

ప్రశ్న: నా పాయింట్లు మూడు నెలల్లో ఎక్స్‌పైర్ అవుతాయట. అలాగే ఉంచితే పొడిగిస్తారా?

జవాబు: ఉంచకండి, వాడేయండి. మీరు వాడని పాయింట్లు వాళ్ల లెక్కల్లో అప్పు కింద ఉంటాయి, అవి మురిగిపోతే ఆదాయం అవుతాయి. ఎంతమంది మరిచిపోతారో కూడా ముందే అంచనా వేసి పెట్టుకుంటారు.

ప్రశ్న: మా అబ్బాయి బోర్డింగ్ పాస్ ఫొటో ఇన్‌స్టాలో పెట్టాడు. తియ్యరా అంటే వినడు. ఏమవుతుంది?

జవాబు: వాడికి ఈ కథ చెప్పండి. 2020లో ఆస్ట్రేలియా మాజీ ప్రధాని టోనీ అబాట్ తన బోర్డింగ్ పాస్ ఫొటో ఇన్‌స్టాలో పెట్టారు. ఒక కుర్రాడు దాని మీదున్న బుకింగ్ కోడ్, ఇంటిపేరు ఎయిర్‌లైన్స్ సైట్‌లో కొట్టి లోపలికి వెళ్లి, ఆ పేజీ వెనకుండే కోడ్ తెరిచి చూశాడు. పాస్‌పోర్ట్ నంబరు, ఫోన్ నంబరు అందులోనే ఉన్నాయి. ఆయన కోసం సిబ్బంది తమలో తాము రాసుకున్న నోట్ కూడా ఉంది. కుర్రాడు మంచివాడు, అధికారులకు చెప్పాడు, ఎయిర్‌లైన్స్ ఆ లోపం సరిచేసింది. వాడు మంచివాడు కాకపోతే? ఆ ఆరు అక్షరాలూ పాస్‌వర్డ్ లాంటివే, కాకపోతే కాగితం మీద అచ్చేసి చేతికిస్తారు. బార్‌కోడ్‌లో కూడా అవే ఉంటాయి, కోడ్ మీద వేలు పెట్టి బార్‌కోడ్ వదిలేస్తే లాభం లేదు. ప్రయాణం అయ్యాక చించి పారేయమనండి.

ప్రశ్న: నా గురించి ఏముందో చూపించమని అడగొచ్చా? అంతా చెరిపేయమనొచ్చా?

జవాబు: అడగొచ్చు. యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం (జీడీపీఆర్) ప్రకారం డబ్బు తీసుకోకుండా నెలలోపు ఇవ్వాలి, చిక్కు వ్యవహారమైతే ఇంకో రెండు నెలలు గడువు తీసుకోవచ్చు. కాలిఫోర్నియాలో 45 రోజులు. పెద్ద కంపెనీలు చాలావరకు ప్రైవసీ పేజీలోనే ఒక ఫారం పెట్టాయి, అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఓపిగ్గా వెతకండి. అడిగేటప్పుడు "నా వివరాలు పంపండి" అని ఊరుకుంటే పేరు, మెయిల్, బుకింగుల జాబితా పంపి చేతులు దులుపుకుంటారు. సిబ్బంది రాసిన నోట్స్, నన్ను ఏ వర్గంలో పెట్టారు, నా సమాచారం ఎవరెవరికి ఇచ్చారు, ఈ మూడూ పేరు పెట్టి అడగండి. వచ్చిన ఫైల్‌లో మీరు ఎప్పుడూ చెప్పని విషయం ఏదైనా ఉంటే, ఆదాయం అంచనా లాంటిది, అది ఎక్కణ్నుంచి వచ్చిందో మళ్లీ అడగండి.

చెరిపేయమనడం కూడా కుదురుతుంది గానీ మొత్తం పోదు, పన్నుల కోసం బిల్లుల లెక్కలు ఉంచుకుంటారు. అకౌంట్‌తో పాటు పాయింట్లూ పోతాయి కాబట్టి ముందు వాటిని ఏదో ఒక టికెట్‌కి ఖర్చుపెట్టేసి, ఆ ప్రయాణం కూడా అయిపోయాక రాయండి.