పొదగాలా, ఇమడ్చాలా?

సందేహం: ప్లాటినం కాంప్లెక్సులను పాలిమర్‌లో కలిపి ఆక్సిజన్ సెన్సర్లు చేసే పద్ధతి గురించి తెలుగులో వ్యాసం రాస్తున్నాను. ‘పాలిమర్‌లో పొదిగిన ప్లాటినం సంక్లిష్టాలు’ అన్నాను. మా గైడ్ ‘అవేమైనా గుడ్లా, పొదగడానికి?’ అని నవ్వారు. ఏమని రాయాలి? ‘ఇముడ్చడం’ ఒప్పా, ‘ఇమడ్చడం’ ఒప్పా?
– ఒక పరిశోధన విద్యార్థిని, తార్నాక, హైదరాబాద్

సమాధానం: పొదగడానికి గుడ్లే అక్కర్లేదు, రాళ్లు పొదిగిన ఉంగరం అంటూనే ఉంటాం. మీ వాక్యంతో వచ్చిన చిక్కు వేరు. లాడ్‌బజార్‌లో లక్క గాజులు చేసేచోట కాసేపు నిలబడి చూడండి. వేడికి మెత్తబడిన లక్కలో రాళ్లను ఒక్కొక్కటిగా అద్దుతారు. రాయి పైకి కనిపిస్తుంది, కావాలంటే లెక్కపెట్టుకోవచ్చు. అది పొదగడం. ఆ లక్కలోనే ముందుగా కలిపిన రంగు ఉంటుంది చూశారూ, దాన్ని ఫలానా చోట ఉందని వేలుపెట్టి చూపించలేం. ఎక్కడ గిల్లినా రంగే.

మీ ప్లాటినం ఆ రంగు బాపతు. పాలీస్టైరీన్ అనే పాలిమర్‌నీ ప్లాటినం పోర్ఫిరిన్ అనే కాంప్లెక్స్‌నీ టోలుయీన్ అనే ద్రావకంలో కరిగించి, గాజు పలక మీద పలచగా పరిచి ఆరబెడతారు. టోలుయీన్ ఆవిరైపోయాక మిగిలిన పొర నిండా ఆ అణువులు సర్దుకుని ఉంటాయి. తగిన కాంతి పడితే ఎర్రగా వెలుగుతాయి. పొరలోకి ఆక్సిజన్ చేరేకొద్దీ ఆ వెలుగు తగ్గుతుంది. కాబట్టి ఇక్కడ ‘ఇమడ్చడం’ నప్పుతుంది.

అన్నిచోట్లా ఇదే మాట వాడేయకండి. ముందే తయారైన పాలిమర్ పూసలను ద్రావణంలో ఉబ్బనిచ్చి, అణువులు లోపలికి వెళ్లేలా చేస్తే అది ‘చొప్పించడం’. పాత కావ్యాల్లో ఎవరో తర్వాత పద్యాలు చొప్పించారంటామే, అలాగ. పాలిమర్ గొలుసుకే రసాయన బంధంతో తగిలిస్తే ‘బంధించడం’ అనాలి. ఇక సిస్‌ప్లాటిన్ ఉంది, 1978లో అమెరికాలో అనుమతి పొందిన క్యాన్సర్ మందు. అదీ ప్లాటినం కాంప్లెక్సే. దాన్ని పాలిమర్ నానోకణాల్లో పెట్టేది మళ్లీ మెల్లగా బయటికి వదలడానికే కనుక ‘నింపడం’ చాలు.

రూపం సంగతి. ధాతువు ‘ఇముడ్చు’. తర్వాత వచ్చే అచ్చును బట్టి నడిమి అచ్చు మారుతుంది: ఇముడ్చుతారు, ఇమిడ్చారు, ఇమడ్చడం. అడుగుతారు, అడిగారు, అడగడం అన్నట్టే. ‘ఇముడ్చడం’ అని రాసేవాళ్లూ ఉన్నారు. నా ఓటు మాత్రం ‘ఇమడ్చడం’కే.

మీరు అడగలేదు గానీ, ‘సంక్లిష్టాలు’ నాకు నచ్చలేదు. దాని వెనకున్నది ‘క్లేశం’లోని ధాతువు, అంటే బాధ. ‘సంశ్లిష్టం’లో ఉన్నది ‘శ్లేష’లోని ధాతువు, అతుక్కోవడం. లోహం చుట్టూ వేరే అణువులు అంటిపెట్టుకున్న పదార్థానికి రెండోదే పొసగుతుంది. నోరు తిరగదనుకుంటే నిక్షేపంగా ‘కాంప్లెక్స్’ అనే రాయండి. ‘పాలిమర్’ని వాడుకున్నాక దీనికి మొహమాటమెందుకు?