డ్రా అయితే డబ్బు ఎవరికి?

ప్రశ్న: ‘అర్జెంటీనా యస్’ కొన్నవాడు, కప్పు అర్జెంటీనాకే వచ్చినా డబ్బు పోగొట్టుకోవచ్చని మా ఫ్రెండ్ వాదిస్తున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: నిజమే. ఇది ప్రిడిక్షన్ మార్కెట్ సంగతి. అక్కడ ఒక ఫలితం వస్తుందనుకుంటే ‘యస్’ కాంట్రాక్టు, రాదనుకుంటే ‘నో’ కాంట్రాక్టు కొంటారు. 2022 డిసెంబర్ 18 నాటి ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఫైనల్నే చూడండి. 90 నిమిషాలు ముగిసేసరికి ఫ్రాన్స్‌తో 2-2, ఎక్స్‌ట్రా టైమ్ అయ్యాక 3-3. పెనాల్టీల్లో 4-2తో అర్జెంటీనా గెలిచింది. ‘మ్యాచ్ ఫలితం’ కాంట్రాక్టుకు సాధారణంగా 90 నిమిషాలు, పైన రిఫరీ కలిపే సమయం వరకే లెక్క. ఆ లెక్కన అది డ్రా. ‘కప్పు ఎవరిది’ కాంట్రాక్టయితే అర్జెంటీనాదే. చాలామంది పైన ఉన్న పేరు చూసి కొనేస్తారు, కింద సన్నక్షరాల జోలికి పోరు. ఎక్స్‌ట్రా టైమ్ లెక్కలోకి వస్తుందా, మ్యాచ్ వాయిదా పడితే ఏం చేస్తారు, ఎవరి ప్రకటనతో ఫలితం ఖాయమవుతుంది అన్నవి అక్కడే ఉంటాయి.

ఇంకో మెలిక కూడా ఉంది. 2024 సెప్టెంబర్ 3న మన గచ్చిబౌలిలో ఇండియా, మారిషస్ 0-0తో ముగించాయి. ఆ మ్యాచ్ మీద మార్కెట్ ఉందనుకోండి. ‘ఇండియా నో’ కొన్నవాడికి డబ్బొస్తుంది, ‘మారిషస్ యస్’ కొన్నవాడికి పైసా రాదు. క్రికెట్ చూసి అలవాటుపడ్డ మనం ఈ రెండూ ఒకటేననుకుంటాం.

ప్రశ్న: ధర 62 అంటే 62 శాతం అవకాశమేనా? మూడు ధరలూ కలిపితే 100 దాటుతోందేం?
– కూకట్‌పల్లి నుంచి

జవాబు: సుమారుగా అంతే. అమెరికాలోని కల్షీ వంటి ప్రిడిక్షన్ మార్కెట్లో గెలిచిన కాంట్రాక్టుకు ఒక డాలరు ఇస్తారు, అందుకే ధర సెంట్లలో నడుస్తుంది. కొనే ధరలు మీ జట్టు గెలుపు 62, డ్రా 24, అవతలి జట్టు 18 అనుకుందాం. మొత్తం 104. 62ను 104తో భాగిస్తే అసలు అంచనా 59.6 శాతం. 62కి కొని అప్పటికప్పుడు అమ్మితే 58కే పోవచ్చు. అంటే మ్యాచ్ మొదలవకముందే 4 సెంట్లు గోవిందా!

100 కాంట్రాక్టులు ఒకేసారి అడిగితే 62కి 30 మాత్రమే దొరికి, మిగతా 70 మీకు 65కి అంటగట్టవచ్చు. సగటు 64.1. లిమిట్ ఆర్డర్ (ఇంతకు మించి ఇవ్వనని ముందే ధర చెప్పి పెట్టే ఆర్డరు) పెడితే ఈ బాధ ఉండదు గానీ, మ్యాచ్ నడుస్తుండగా దాన్ని అలా వదిలేయకూడదు. ఫోన్లో ప్రసారం కొన్ని సెకన్లు వెనక ఉంటుంది. మీ జట్టు గోల్ తిన్నదని ముందే తెలిసినవాడు, మీ పాత ధరకే తన సరుకు మీ నెత్తిన పెడతాడు.

ప్రశ్న: హైదరాబాద్‌లో కూర్చుని విదేశీ సైట్లో ఆడొచ్చా?
– సికింద్రాబాద్ నుంచి

జవాబు: వద్దు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా నిషేధ చట్టం చేసింది. విదేశాలకు డబ్బు పంపే విషయంలో 2000 నాటి ఫెమా (విదేశీ మారక నిర్వహణ చట్టం) నిబంధనల నిషేధ జాబితాలో ఫుట్‌బాల్ పందేలు పేరుతో సహా ఉన్నాయి. ఖాతా స్తంభించిపోతే ఎవరికి ఫిర్యాదు చేస్తారు?

సరదా అంతా అంచనాలోనే ఉందంటే నోటుబుక్కు చాలు. మ్యాచ్‌కు ముందు గెలుపు 0.5, డ్రా 0.3, ఓటమి 0.2 అని రాసుకోండి. డ్రా అయిందనుకోండి. జరిగినదాన్ని 1, జరగనివాటిని 0గా తీసుకుని తేడాల వర్గాలు కలపాలి: 0.25 + 0.49 + 0.04 = 0.78. ఈ అంకె ఎంత తక్కువైతే అంచనా అంత మంచిదన్నమాట. ఏమీ తెలియనివాడు మూడింటికీ సమానంగా రాసినా 0.67 వస్తుంది. 50 మ్యాచ్‌ల సగటు అంతకన్నా తక్కువ రావాలి. పక్క గడిలో మార్కెట్ ధరలకూ ఇదే లెక్క కట్టండి.