1862 విక్టోరియా రూపాయి: పాట పెంచే ముందు

1862 విక్టోరియా వెండి రూపాయికి వేలంలో నాలుగు వేల దాకా పాడొచ్చా అని అడిగారు. తొందరపడకండి. 1874 దాకా అదే 1862 వేసి ముద్రించారు, అందుకే కొల్లలుగా దొరుకుతుంది. బరువు 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. అరిగితే కాస్త తగ్గుతుంది గానీ పది గ్రాములే తూగితే వదిలేయండి. దానిపై ‘క్వీన్’ అనే ఉండాలి, ‘ఎంప్రెస్’ 1877 నుంచే. ఫోటో చూసి మురిసిపోయి నేనూ ఒకటి కొన్నాను. అంచున వెంట్రుకంత అతుకు గీత, అంటే అచ్చులో పోత పోసిన నకిలీ నాణెం! చాలా బాధేసింది. అంచు ఫోటో, తూకం ఫోటో తప్పకుండా అడగండి. వేలం సంస్థ కమిషన్ 15 శాతమైతే నాలుగు వేలకి మరో 600, పైన జీఎస్టీ. చేతికి రాగానే విశాఖ కురుపాం మార్కెట్‌లో తెలిసిన వెండి కొట్టులో తూకం వేయించండి.