నాటు ఆవు రక్తం ఎంత మిగిలింది?

ప్రశ్న: మాది విశాఖ దగ్గర పెందుర్తి. మా అమ్మమ్మగారి నాటు ఆవుకి జెర్సీ సూది వేయించాం. దాని పెయ్యకీ అదే, ఆ పెయ్యకి పుట్టిన పెయ్యకీ అదే. ఇప్పుడు పాలిస్తున్నది ఆ మూడో తరం ఆవు. దీంట్లో నాటు రక్తం ఇంకా ఉందా? జన్యువులు చూసి పశువుల చరిత్రంతా చెప్పేస్తారంటున్నారు, నిజమేనా?

జవాబు: ఉందండీ. మూడుసార్లూ అచ్చమైన జెర్సీ ఆబోతుదే అయితే లెక్క ప్రకారం ఎనిమిదో వంతు, 12.5 శాతం, కాస్త అటూ ఇటూగా. తోక వెంట్రుకలు కుదుళ్లతో పీకి ల్యాబ్‌లో చిప్ (డీఎన్‌ఏలో వేల చోట్ల తేడాల్ని ఒకేసారి చూసే చిన్న పలక) మీద పరీక్షిస్తే తేలిపోతుంది. మన దేశవాళీ జాతుల కోసం హైదరాబాద్‌లోని జాతీయ పశు బయోటెక్నాలజీ సంస్థ 2021లో ఇండిగౌ అనే చిప్ కూడా తెచ్చింది.

అసలు తమాషా వేరే ఉంది. కణాలకి శక్తినిచ్చే మైటోకాండ్రియా అనే భాగాల్లో విడిగా ఉండే డీఎన్‌ఏ తల్లి నుంచే వస్తుంది కాబట్టి, మీ ఆవు పైకి ఎంత జెర్సీలా కనపడినా ఆ ముక్క మాత్రం పూర్తిగా మీ అమ్మమ్మగారి ఆవుదే. బ్రెజిల్‌లో ఇదే తిరగబడింది. మన ఒంగోలు ఆబోతులు అక్కడికెళ్లి నెలోర్ జాతి అయ్యాయి (పేరు మన నెల్లూరుదే లెండి), ఆడవి తక్కువ వెళ్లాయి, దాంతో అక్కడున్న యూరప్ సంతతి ఆవులతో కలిపారు, అందుకని మోపురం, గంగడోలు మనవే అయినా చాలావాటి మైటోకాండ్రియా యూరప్ ఆవులది!

జెర్సీ లాంటి మోపురం లేని పశువుల్ని దాదాపు 10 వేల ఏళ్ల కిందట పశ్చిమాసియాలో మచ్చిక చేశారు, మన నాటు ఆవుల్లా మోపురమున్నవాటిని 8 వేల ఏళ్ల కిందట సింధు లోయ వైపు. అడవిలో ఉన్నప్పుడే, లక్షల ఏళ్ల ముందే ఈ రెండూ విడిపోయాయి, అందుకే చిప్ వాటిని ఇట్టే విడదీస్తుంది.

ఇక మంద ఎంతుండేదో ఎలా చెప్తారంటే, పేక కలిపినట్టు డీఎన్‌ఏ తరతరానికీ తెగి కలుస్తుంది. పొడుగాటి ముక్కలు చెదరకుండా చాలా ఆవుల్లో ఒకేలా దొరికాయంటే ఈమధ్య తరాల్లో వాటికి తండ్రులు కొద్దిమందేనన్నమాట. నలుపు తెలుపు మచ్చల పాల జాతి హోల్‌స్టీన్ ఆవులు అమెరికాలో లక్షల్లో ఉన్నా జన్యు వైవిధ్యం లెక్కలో వంద తలల మందకి మించవు. 1962లో పుట్టిన చీఫ్ అనే ఒక్క ఆబోతుకే 16 వేల మంది కూతుళ్లు! దానిలో దాగిన ఓ లోపం అటు తల్లి నుంచీ ఇటు తండ్రి నుంచీ అందిన దూడ కడుపులోనే పోయేది.

మీరు చేయాల్సింది ఒకటే. వీర్యం స్ట్రా మీద ఆబోతు నంబరు ఉంటుంది, సూది వేసినప్పుడల్లా అడిగి పాల లెక్క రాసుకునే క్యాలెండర్ మీదే రాయండి, తండ్రిది కూతురికి పడకుండా.