సంక్రాంతికి ఊరొచ్చే మేనల్లుడికి

చిరంజీవి రవికి పెద్దమావయ్య ఆశీస్సులు.

సిగరెట్లు మానేసి మూడు వారాలైందని మీ అత్త చెప్పింది. సంతోషం. చిరాకు, నిద్రపట్టకపోవడం, ఏ పనిమీదా మనసు నిలవకపోవడం లాంటివి మొదటి వారంలోనే ఎక్కువ. మూడు నాలుగు వారాలకి చాలామందికి సద్దుమణుగుతాయి. ఇక మిగిలేది అలవాటు. అది మనిషిని బట్టి, చోటుని బట్టి, వేళని బట్టి లేస్తుంది. హైదరాబాదులో నీ గదిలో, ఆఫీసులో సిగరెట్టు లేకుండా గడపడం ఈ మూడు వారాల్లో నేర్చుకున్నావు. ఊళ్ళో ఇంకా నేర్చుకోలేదు. కాలవగట్టు, డాబా మీద ట్యాంకు వెనకాల, సెంటర్లో కిళ్ళీ కొట్టు, ఇవన్నీ నీకు సిగరెట్టుతో ముడిపడ్డ చోట్లే.

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ ముందు ఎవరూ కాల్చరు కదా. కాల్చాలంటే బయటికెళ్ళాలి. "అలా ఓ రౌండేసొద్దాం రా బావా" అంటే అర్థం అదే. అయితే అందులో సిగరెట్టొక్కటే లేదు. ఇరవైమంది ఉన్న ఇంట్లోంచి కాసేపు బయటపడటం ఉంది, ఏడాదికోసారి కలిసే బావతో నాలుగు మాటలు చెప్పుకోవడం ఉంది. సిగరెట్టుకి భయపడి ఆ తిరుగుడు కూడా మానేశావంటే రెండోరోజుకి ఒంటరివాడివైపోతావు, మూడోరోజు వాళ్ళతో కలవడం కోసమే వెలిగిస్తావు. కాబట్టి వెళ్ళు. కాకపోతే వాళ్ళు పిలిచేదాకా ఆగకుండా నువ్వే ముందు పిలువు. పిలిచినవాడే చోటు చెబుతాడు. చెరుకుగడలు తేవాలనో, పిల్లలకి గాలిపటాలు కొనాలనో పని పెట్టుకో. బండి మీద ముందర ఓ పిల్లాణ్ణి కూర్చోబెట్టుకో. పిల్లాడు ఎదురుగా ఉంటే పెట్టె తీసేవాడు కూడా పక్కకెళ్ళి తీస్తాడు.

ఎవరైనా ఇవ్వబోతే "మానేశాను బావా" అను, అంతే. "తగ్గించాను" అన్నావో, ఆ తగ్గించినవాటిలో ఒకటి ఇప్పుడు కాల్చమంటారు. "గొంతు బాగాలేదు" అన్నావో, రేపు మళ్ళీ అడుగుతారు. ఎందుకు మానేశావో వివరాలు మొదలెట్టకు, అది వాదనకి దారి. "ఒక్క దమ్ములో ఏముంది" అనేవాడు ప్రతి గుంపులో ఒకడుంటాడు. నికోటిన్‌కి అలవాటుపడ్డ మెదడుకి ఆ ఒక్క దమ్ము చాలు, మర్నాడు పొద్దున్నే ఇంకోటి అడగడానికి. అమ్మానాన్నలకి నువ్వు కాల్చే సంగతే తెలీదు కనక మానేశానని వాళ్ళకి చెప్పుకోలేవు. ఇంట్లో తెలిసినవాళ్ళు ఒకరైనా ఉండాలి. మీ అత్తకి తెలుసు. బావల్లో ఎక్కువ కాల్చేవాడెవరో వాడికి బయల్దేరేముందే ఫోన్ చేసి చెప్పు. వాడు ఇవ్వడం మానేస్తే మిగతావాళ్ళు సగం తగ్గుతారు.

ఇక సామాను. సిగరెట్టు బదులు నమిలే నికోటిన్ గమ్ వాడుతున్నావంటగా, పండగ వారంలో తగ్గించే ప్రయత్నం పెట్టుకోకు. రోజుకి ఎనిమిది చొప్పున ఆరు రోజులకి 48, ఓ యాభై బిళ్ళలు హైదరాబాదులోనే కొనుక్కో. పండగనాడు ఊళ్ళో మందుల షాపు తీసి ఉంటుందని నమ్మకం లేదు. 2 మిల్లీగ్రాములది చాలు. లేచిన అరగంటలోపే మొదటిది వెలిగించే అలవాటున్నవాళ్ళకి 4 మిల్లీగ్రాములది వాడతారు, అది డాక్టరుగారు రాస్తేనే తీసుకో.

చాలామంది దాన్ని బబుల్‌గమ్ నమిలినట్టు గబగబా నమిలేసి, ఎక్కిళ్ళూ కడుపులో మంటా వస్తే పనిచెయ్యలేదని పారేస్తారు. నెమ్మదిగా నమిలి, మిరియం ఘాటులా నోట్లో చురుక్కుమనగానే ఆపెయ్యి. చిగురుకీ బుగ్గకీ మధ్య పెట్టుకుని, ఆ చురుకు పోయాక మళ్ళీ నాలుగుసార్లు నమిలి ఇంకో పక్కన పెట్టు. ఇలా అరగంట వస్తుంది. నికోటిన్ దిగాల్సింది నోటి పొరలోంచి, మింగితే కడుపులోకి పోయి వృథా. నోట్లో పులుపు ఉంటే ఆ పొర దాన్ని సరిగ్గా పీల్చుకోదు. పులుసన్నం తిన్నా, కాఫీ, కూల్‌డ్రింకు తాగినా నీళ్ళు పుక్కిలించి పావుగంట ఆగి అప్పుడు వేసుకో. గమ్ నోట్లో ఉన్నంతసేపూ నీళ్ళు తప్ప ఇంకేం వద్దు. గమ్ కాకుండా జేబులో లవంగాలు, సోంపు, ఎండు ఉసిరిముక్కలు ఓ చిన్న డబ్బాలో ఉంచుకో. సంచి అరల్లో, పాత జాకెట్ జేబుల్లో లైటరు గానీ, విడి సిగరెట్టు గానీ ఉందేమో సర్దుకునేటప్పుడే వెతికి పారెయ్యి.

టికెట్టు దొరికితే రైల్లోనే రా. రైల్లో కాల్చడం నేరం, ఆ గొడవే ఉండదు. బస్సయితే అర్ధరాత్రి సూర్యాపేట దగ్గర ఏ హోటల్ ముందో ఆపుతాడు, సగం బస్సు దిగి టీ గ్లాసుతో వెలిగిస్తుంది. దిగి కాళ్ళు చాపుకుని నీళ్ళు తాగి ఎక్కెయ్యి, టీ వద్దు. టీ కాఫీల సంగతి ఇంకోటుంది. సిగరెట్టు పొగ వల్ల ఒంట్లో కెఫీన్ తొందరగా ఖర్చైపోతుంది. మానేశాక అదే కాఫీ ఎక్కువసేపు ఒంట్లో ఉండిపోతుంది. చేతులు వణకడం, గుండెదడ, నిద్రపట్టకపోవడం వస్తే సిగరెట్టు లేకే అనుకుంటాం. పండగింట్లో వచ్చినవాళ్ళందరితో ఒక్కో గ్లాసంటే రోజుకి ఆరేడవుతాయి. సగానికి తగ్గించు, సాయంత్రం నాలుగు దాటాక వద్దు.

భోగినాడు తెల్లవారుజామున మంట దగ్గర ఇంట్లో పెద్దలంతా ఉంటారు, అక్కడ పెద్ద ఇబ్బంది లేదు. సంక్రాంతినాడు పెద్దలకి పెట్టుకునేదాకా, అంటే దాదాపు మధ్యాహ్నం దాకా, కడుపులో కాఫీ తప్ప ఏం పడదు. ఖాళీ కడుపుకి సిగరెట్టు మీదికి మనసు ఎక్కువ లాగుతుంది. అమ్మనడిగి రెండు అరటిపళ్ళో, గ్లాసు పాలో తీసుకో. ఆ తర్వాత భోజనం. అసలు పరీక్ష విస్తరి ముందునుంచి లేచాకే. మొదటి పంక్తిలో తిన్న మగవాళ్ళు చెయ్యి కడుక్కుని ఒకరి తర్వాత ఒకరు గేటు దాటుతారు. నువ్వు అప్పుడే గరిటె పట్టుకుని రెండో పంక్తికి వడ్డనకి దిగు. పప్పు, పులుసు, నెయ్యి తిరిగేసరికి ఇరవై నిమిషాలు పోతాయి. ఒక్కో తలపు లేచి తగ్గడానికి పట్టేది మూడు నుంచి ఐదు నిమిషాలు, మహా అయితే పది. ఆడవాళ్ళు కూడా సంతోషిస్తారు, అది ఊరికే వచ్చే లాభం. కిళ్ళీ తెస్తే జర్దా లేకుండా, వక్క కూడా లేకుండా కట్టించుకో. జర్దా పొగాకే. ఖైనీ, గుట్కా, హుక్కాలు కూడా ఆ తాను ముక్కలే.

కనుమే గట్టి రోజు. కనుమనాడు కాకైనా కదలదని ఎవరూ ప్రయాణం పెట్టుకోరు, పని ఉండదు, మాంసం, గారెలు, మధ్యాహ్నం నుంచే మందు. నా మాట విని ఈ ఒక్క పండక్కి మందు ముట్టకు. రెండో గ్లాసు దగ్గర "మానేశాను బావా" అనే నోరు మూతపడుతుంది. కారు నువ్వు నడుపుతానని పొద్దున్నే చెప్పేస్తే తాగమని బలవంతం పెట్టరు. డాక్టరు రాసిన మాత్రలు కూడా వాడుతుంటే, వాటితో మందు పడుతుందో లేదో ముందే అడుగు. కోడిపందేల బరి దగ్గరికి వెళ్ళాల్సిందే అనుకుంటే పగటిపూట గంటసేపు చూసి వచ్చెయ్యి. గెలిచినవాడూ కాలుస్తాడు, ఓడినవాడూ కాలుస్తాడు, ఆ టెంటు కింద నిలబడితే చెయ్యి దానంతటదే ముందుకి చాచుకుంటుంది. రాత్రి పేకాట మాత్రం వద్దేవద్దు. దుప్పటి మధ్యలో పెట్టె పెట్టుకుని మూడింటిదాకా కూర్చునే ఆటలో ఒక్క ఆటకని కూర్చుని లేచినవాడు లేడు. అరిసెలు, సున్నుండలు కాస్త ఎక్కువ తింటావు, తిను. రెండు కిలోలు పెరిగితే ఫిబ్రవరిలో చూసుకోవచ్చు.

ఇంత చెప్పినా ఎక్కడో ఒకటి కాల్చావే అనుకో. సగంలో ఉన్నా ఆర్పి, మిగిలింది ఎవరికీ ఇవ్వకుండా నీళ్ళలో పారెయ్యి. "ఎలాగూ పోయింది, పండగయ్యాక మళ్ళీ మానేద్దాం" అనే ఆలోచనే మనిషిని పాత లెక్కకి చేరుస్తుంది. పొరపాటున కాల్చిన ఆ ఒక్క సిగరెట్టు కాదు. గమ్ ఆపకు, మామూలుగా కొనసాగించు. ఎవరితో ఉన్నావు, ఏ వేళ, తాగి ఉన్నావా అన్న మూడూ ఫోన్లో రాసుకో, మర్నాడు ఆ వేళకి ఇంకోచోట ఉండు. మనసు మరీ నిలవకపోతే 1800-11-2356 కి చెయ్యి. ప్రభుత్వం వారిది, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా, సోమవారం సెలవు.

తిరిగి హైదరాబాదు వెళ్ళాక మొదటిరోజు ఆఫీసులో పదకొండింటికి టీ కొట్టు దగ్గరికి పిలుస్తారు, "పండగ ఎలా జరిగింది" అని. ఆరోజు జంతికలో, పూతరేకులో పట్టుకెళ్ళి అందర్నీ నీ సీటు దగ్గరికే పిలువు. డబ్బా అత్త కట్టి ఇస్తుంది, ఎంతమందున్నారో ముందే చెప్పమంది.

ఇట్లు,
మీ పెద్దమావయ్య