ఇరవై లీటర్ల డబ్బా, మగ్గెడు పెట్రోలు

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా అక్కా బావా మహేంద్రతనయ నది అవతల, ఆంధ్రాలోని పాతపట్నంలో ఉంటారు. ఆంధ్రాలో పెట్రోలు రేటు ఎక్కువని వారానికోసారి ఇక్కడ ఇరవై లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలో పట్టించి ఇంట్లో ఉంచుతాను. బావా, ఆయన స్నేహితులిద్దరూ వచ్చి పట్టుకెళ్తారు. బంకు రేటే ఇస్తారు, నేను పైసా ఎక్కువ తీసుకోను. మొన్న ఆదివారం సాయంత్రం వరండాలో నా పాత బైకు కార్బురేటర్ విప్పి, మగ్గులో పెట్రోలు పోసి టూత్‌బ్రష్‌తో కడుగుతుంటే ఒక్కసారిగా మంట లేచింది. దీపం తులసికోట దగ్గర, ఆరడుగుల దూరంలో ఉంది. అంత దూరం నుంచి ఎలా అంటుకుందో ఇప్పటికీ అర్థం కాలేదు. పక్కింటివారి స్కూటరూ, పందిరీ కాలాయి. ఆర్పడానికి వచ్చిన పక్కింటాయన కాలికి బొబ్బలెక్కాయి. పోలీసులు డబ్బా పట్టుకెళ్లారు, ఒడియాలో రాసిన కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఒడియా మాట్లాడతాను గానీ చదవడం అంతంతమాత్రం. పక్కింటాయన అరవై వేలు అడుగుతున్నారు. షార్ట్ సర్క్యూట్ అని చెప్పేయమని ఒకాయన సలహా. జైలుకు పంపిస్తారా? ఇన్సూరెన్సు వస్తుందా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: షార్ట్ సర్క్యూట్ మాట ముందు మర్చిపోండి. విప్పిన కార్బురేటరు, కరిగిన మగ్గు, సగం కాలిన టూత్‌బ్రష్ వరండాలో పడి ఉండగా నెపం కరెంటు మీదికి నెడితే నమ్మేవారు ఉండరు. మంట విషయంలో ఇప్పటిదాకా మీ మీద ఉన్నది అజాగ్రత్త ఒక్కటే. అబద్ధం రాసి ఇచ్చారంటే, ముఖ్యంగా ఇన్సూరెన్సు కంపెనీకి, అది మోసం దాకా పోతుంది.

దీపం సంగతి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. మగ్గులోంచి పొంగి, నేల మీద పాకుతూ పోతుంది, కంటికి కనపడదు. ఆరడుగులు దానికి ఒక లెక్క కాదు. దీపం దాని దగ్గరికి రాలేదు, అదే దీపం దగ్గరికి వెళ్లింది. నన్ను నేను మినహాయించుకుని చెప్పడం లేదు. చదువుకునే రోజుల్లో స్కూటర్ ట్యాంకులోంచి గొట్టం పెట్టి నోటితో పీల్చి పెట్రోలు తీసినవాణ్ణే. రెండు గుక్కలు కడుపులోకి పోయి, సాయంత్రం దాకా పెట్రోలు త్రేన్పులు వచ్చాయి.

ఇక చట్టం. మీకు వర్తించేది 1934 నాటి పెట్రోలియం చట్టం. ఒడిశా అనే రాష్ట్రం ఏర్పడింది 1936 ఏప్రిల్ 1న. అంటే ఈ చట్టం చేసేనాటికి మీ పర్లాకిమిడీ, మీ బావగారి పాతపట్నమూ రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాయి. చట్టం కేంద్రానిది కాబట్టి వంతెన ఇటువైపు ఒకటి, అటువైపు ఇంకొకటి అని ఉండదు.

ఇంట్లో పెట్రోలు ఉంచుకోవడమే నేరమని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. సెక్షన్ 8 ప్రకారం అమ్మకానికి కాని పెట్రోలు 30 లీటర్ల దాకా లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు, తీసుకెళ్లవచ్చు. బండి రిజిస్ట్రేషన్, లైసెన్సు సరిగ్గా ఉన్నవారికి సెక్షన్ 9 ఇంకా ఎక్కువ వెసులుబాటు ఇస్తుంది: సొంత బండి కోసం 100 లీటర్ల దాకా. కాకపోతే 30 దాటితే మనుషులు ఉండే గదులతో సంబంధం లేని విడి చోట పెట్టాలి. డీజిలైతే 2,500 లీటర్ల దాకా అడిగేవారు లేరు, ఏ ఒక్క పీపా వెయ్యి లీటర్లు మించకపోతే చాలు. డీజిల్ అంత తేలిగ్గా అంటుకోదు, అందుకే ఈ తేడా.

కాబట్టి లీటర్ల లెక్కలో మీరు తప్పు చేయలేదు. చిక్కు రెండు చోట్ల ఉంది.

ఒకటి డబ్బా. లైసెన్సు లేకుండా ఉంచుకునే పెట్రోలు గట్టిగా మూత బిగించిన గాజు, పింగాణీ లేదా లోహపు పాత్రలో ఉండాలని సెక్షన్ 8 చెబుతుంది. గాజు, పింగాణీ అయితే ఒక లీటరు లోపు, లోహమైతే 25 లీటర్ల లోపు. ఆ జాబితాలో ప్లాస్టిక్ లేదు. 1934లో ప్లాస్టిక్ డబ్బాలు ఎక్కడున్నాయి, అందుకే రాయలేదు అని వాదించే జూనియర్లు ఉంటారు. ఉన్నా రాసేవారు కాదని నా ఉద్దేశం. పక్కన మంట లేస్తే రేకు డబ్బా కాసేపు ఆగుతుంది. ప్లాస్టిక్ కరిగి లోపలున్నదంతా నేల మీదికి వదిలేస్తుంది. మీ డబ్బా వరండాలో కాక లోపలి గదిలో ఉండబట్టి ఈ ఉత్తరం రాయగలిగారు అనుకుంటున్నాను.

రెండోది బావగారి స్నేహితులు. నాకు ఎక్కువ భయం ఇక్కడే. లాభం లేకపోతే అమ్మకం కాదని మీరు అనుకుంటున్నారు. చట్టం దృష్టిలో సరుకు ఇచ్చి ధర పుచ్చుకుంటే అమ్మకమే, లాభం ఉన్నా లేకపోయినా. అమ్మకం అయిందంటే సెక్షన్ 8 ఇచ్చిన 30 లీటర్ల మినహాయింపు చేజారిపోతుంది. పైగా అనుమతి లేనివారు పెట్రోలు, డీజిల్ అమ్మకూడదని 2005లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ఉంది. దాన్ని మీరితే 1955 నాటి నిత్యావసర సరుకుల చట్టం కింద మూడు నెలల నుంచి ఏడేళ్ల దాకా జైలు. పెట్రోలియం చట్టం సొంత శిక్ష దీని ముందు చాలా చిన్నది. బావగారి వరకు కుటుంబమని చెప్పుకోవచ్చు. స్నేహితులకు ఇవ్వడం ఈ రోజే ఆపండి. వాళ్లు ఫోన్‌పేలో మీకు డబ్బులు పంపి ఉంటే ఆ లెక్క అంతా బ్యాంకులో ఉంటుందని గుర్తుంచుకోండి.

మంట విషయంలో పోలీసులు సాధారణంగా పెట్టేది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 287, అంటే మండే పదార్థంతో అజాగ్రత్తగా ఉండటం. ఆరు నెలల దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పక్కింటాయనకు గాయమైంది కాబట్టి 125 కూడా కలపవచ్చు. మామూలు గాయమైతే అక్కడా పరిమితి ఆరు నెలలే, జరిమానా 5,000 దాకా. రెండూ బెయిలు హక్కుగా దొరికే నేరాలు. ఇలాంటివాటిలో అరెస్టు చేయకుండా భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 35 కింద నోటీసు ఇచ్చి స్టేషన్‌కు పిలవడమే పద్ధతి. పిలిచిన రోజున వెళ్లండి, ఎగ్గొట్టకండి. జైలు గురించిన టెన్షన్ చాలావరకు తగ్గించుకోవచ్చు.

మీరు సంతకం పెట్టిన కాగితం బహుశా జప్తు పట్టిక. సోదా ఇంట్లో జరిగితే దాని నకలు ఇంటివారికి ఇవ్వాలి, అడగండి. ఒడియా బాగా చదివేవారి చేత ఒక్కో మాట చదివించుకుని, ‘ఇరవై లీటర్ల డబ్బా’ అని ఉందా, ‘ఇరవై లీటర్ల పెట్రోలు’ అని ఉందా చూడండి. సగం ఖాళీ డబ్బాను నిండు డబ్బాగా రాయడం నేను చాలా కేసుల్లో చూశాను. ఇక ముందు చదివి వినిపించనిదే దేని మీదా సంతకం పెట్టకండి. పోలీసుకు ఇచ్చే వాంగ్మూలం మీద సంతకం అసలు అవసరమే లేదు. ఎఫ్ఐఆర్ కట్టారో లేదో ఒడిశా పోలీసుల వెబ్‌సైటులో చూసుకోవచ్చు.

పక్కింటాయన అరవై వేలు. నష్టం మీ వల్ల జరిగింది, ఇవ్వాల్సింది మీరే. కానీ అంకె ఆయన నోటిమాటగా కాకుండా మెకానిక్ రాసిచ్చిన అంచనా మీద, పందిరి ఖర్చు మీద, ఆసుపత్రి బిల్లు మీద తేలాలి. ముందు ఒక మాట కనుక్కోండి: ఆయన స్కూటరుకు సమగ్ర పాలసీ ఉందా? ఉంటే అగ్ని నష్టం అందులోనే వస్తుంది. ఆ తర్వాత కంపెనీ కావాలంటే తాను కట్టిన డబ్బు కోసం మీ మీదికి రావచ్చు.

మీ బైకు థర్డ్ పార్టీ పాలసీ ఈ నష్టం కడుతుందా అంటే, నా అంచనా కట్టదనే. మహారాష్ట్రలో 1987లో హైవే మీద బోల్తాపడిన పెట్రోలు ట్యాంకరు నాలుగు గంటల తర్వాత పేలింది. అప్పటికి ట్యాంకరు కదలకపోయినా, ఆ మంట వాహనం ‘వాడకం’ వల్ల వచ్చినదే అని 1991లో సుప్రీంకోర్టు శివాజీ దయాను పాటిల్ కేసులో చెప్పింది. ఆ తీర్పు చూపించి లాగవచ్చు గానీ, అక్కడ కారింది బండిలోని పెట్రోలు, అదీ రోడ్డు మీద. మీ మంట మగ్గులోంచి, మీ వరండాలో పుట్టింది.

రాజీ కుదిరితే మాటగా వదలకండి. మీ ఊళ్లోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. వారి నంబరు 15100. కోర్టులో దావా వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టించుకుంటే ఫీజు ఉండదు, అక్కడ రాసుకున్నది కోర్టు డిక్రీతో సమానం. రేపు ఆయన ఇంకో ఇరవై వేలు అడగలేరు. అయితే దీంతో 287 కేసు దానంతట అది పోదు. దానికి విడిగా కటక్ హైకోర్టులో కొట్టివేత కోరాలి. చిన్న కేసుకి అంత దూరం పోవాలా అన్నది మీ ఊరి వకీలుతో మాట్లాడి తేల్చుకోండి. ఛార్జిషీటు చూడకుండా నేను వెళ్లమనీ అనను, వద్దనీ అనను.

మీ బావగారికి నా మాటగా ఒకటి చెప్పండి. ఆయనే బండేసుకుని వంతెన దాటి వచ్చి, పర్లాకిమిడిలో ట్యాంకు నింపించుకుని వెళ్తే ఎవరూ అడ్డుచెప్పలేరు. ట్యాంకులో ఉన్న పెట్రోలుకు సెక్షన్ 9 లైసెన్సే అడగదు.